పామ్ గింజలకు వేడి ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు చంపేస్తుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫాక్స్‌టెయిల్, బ్యూటియా, విండ్‌మిల్ పామ్ గింజలు మూడు ట్రేలలో వేశారు. మూడింటినీ ఒకే హీట్ మ్యాట్ (ట్రేను అడుగు నుంచి వెచ్చబరిచే కరెంటు చాప) మీద పెట్టి, 30 డిగ్రీలకు సెట్ చేశారు. మూడు నెలలైనా ఒక్కటీ మొలవలేదు. ఒకరు గింజల్ని నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టి తీయమన్నారు. ఇంకొకరు మరిగే నీళ్లు పోసి నానబెట్టమన్నారు. మూడో ఆయన 40 డిగ్రీల వేడిలో ఉంచితే నిద్ర లేస్తాయన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, వేరే మొక్కల వైద్యం మీ మొక్కకు చెప్పారంతే. ఫ్రిజ్ ఆపిల్ లాంటి చలిదేశపు చెట్ల గింజలకు, మరిగే నీళ్లు తుమ్మ జాతి గింజలకు పనికొస్తాయి. 40 డిగ్రీల మాట మాత్రం నిజంగా పామ్‌లదే. కానీ అది ఒక సగం, రెండో సగం ఆయన చెప్పలేదు. ఆ రెండో సగం పేరు తేమ. పామ్ గింజ విషయంలో ఎన్ని డిగ్రీలు అని అడిగితే సరిపోదు, ఆ సమయానికి గింజలో ఎంత తేమ ఉంది అని కూడా అడగాలి. ఇన్నేళ్లలో నేను పాడుచేసుకున్న ట్రేలలో ఎక్కువ భాగం ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే పోయాయి.

ముందు గింజ లోపల ఏముందో చూడండి. ఒక ఖర్జూరం గింజ తీసుకోండి. ఒక వైపు పొడుగునా గాడి ఉంటుంది. దాన్ని తిరగేస్తే, వీపు మధ్యలో ఆవగింజంత గుండ్రటి గుంట కనబడుతుంది. దాని కింద ఉన్నదే పిండం. అగ్గిపుల్ల తలకన్నా చిన్నది. మిగతా గింజంతా రాయిలాంటి తిండి నిల్వ. ఇంచుమించు పామ్ కుటుంబమంతటా ఇదే కథ: పెద్ద గిడ్డంగి, అందులో మూలన ఒక చిన్న పసికందు. గింజ చెట్టు నుంచి రాలేనాటికి ఆ పిండం పూర్తిగా ఎదగదు. ముందు లోపల పెరగాలి, తర్వాత తన ఎదురుగా ఉన్న మూతను తోసుకుని బయటకు రావాలి. మొలిచాక కూడా బీజదళం, అంటే మొలక తొలి ఆకు, దాని కొస గింజ లోపలే ఉండిపోయి తిండి పీల్చుకుంటుంది. మొలకెత్తిన కొబ్బరికాయ పగలగొడితే కనిపించే పువ్వు అదే.

పామ్ గింజ నిద్ర అంటే అర్థం ఇది. టెంక ఎంత గట్టిగా ఉన్నా నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి. పిండానికి బలం చాలకపోవడం, మూత గట్టిగా ఉండడం, ఈ రెండే అడ్డంకులు. తుమ్మ గింజ అలా కాదు. దాని పైతోలు నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి మరిగే నీళ్లు పోస్తే తోలు చిట్లి పని జరుగుతుంది. పామ్‌కు చిట్లించాల్సిన తోలే లేదు. మరిగే నీళ్లు పోస్తే ఆ వేడి నేరుగా పిండానికి తగులుతుంది. మూత పలుచగా ఉన్న చోటే పిండం ఉంటుంది కాబట్టి మొదట ఉడికేది అదే. గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. నీళ్లతో చేయాల్సింది అంతే.

ఫ్రిజ్ సంగతి. చలి చూపిస్తేనే నిద్ర వదిలే గింజలు చలికాలం దాటాక మొలవాల్సిన చెట్లవి. పామ్‌లలో చాలా భాగం అడవి నేల వెచ్చదనంలో రాలి, ఆ వెచ్చదనంలోనే మెల్లగా పిండం పెంచుకునేవి. వాటికి చలి వైద్యం కాదు, దెబ్బ. నర్సరీల్లో అరెకా పామ్ అని అమ్మే డిప్సిస్ గింజల్ని ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతాయి. అవే గింజల్ని గుజ్జు కడిగి, తేమ పూర్తిగా పోకుండా పాలిథిన్ సంచిలో కట్టి, 23 డిగ్రీల దగ్గర గదిలో ఉంచితే ఏడాది దాకా బతుకుతాయి. వక్క, కొబ్బరి కూడా ఎండకూడని, చలి తగలకూడని బాపతే. ఖర్జూరం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. ఇజ్రాయెల్‌లో మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరం గింజను 2005లో నాటితే మొలిచింది. పొడిగా ఉండిపోవడం వల్లే అన్నేళ్లు నిలబడింది. ఒకే కుటుంబంలో ఇంత తేడా ఉంది కాబట్టి, పామ్ గింజల్ని ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అనే ప్రశ్నకు ఏ పామ్ అని అడగకుండా జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి.

ఇక 40 డిగ్రీల కథ. ఇది ఆయిల్‌పామ్ నుంచి వచ్చింది. కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఉష్ణోగ్రత గురించి మనకు తెలిసినదాంట్లో ముఖ్యమైన ముక్క ఇక్కడే ఉంది.

ఆయిల్‌పామ్ గింజల్ని మామూలుగా తడి మట్టిలో వేస్తే నెలల తరబడి పడుంటాయి. అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తుంది. తోటలకు లక్షల మొక్కలు ఒకేసారి కావాలి కాబట్టి పశ్చిమ ఆఫ్రికాలో పరిశోధకులు 1950ల నుంచి దీని వెంట పడ్డారు. హస్సీ 1958లో, రీస్ 1962లో ప్రచురించిన పనులు ఇప్పటికీ పునాది. తేలిందేమంటే, గింజకు 39, 40 డిగ్రీల వేడి వారాల తరబడి తగలాలి. 40 రోజుల నుంచి 80 రోజుల దాకా. కానీ ఆ వేడిలో ఉన్నన్నాళ్లూ గింజ మొలవదు, మొలవకూడదు కూడా. అది కేవలం నిద్ర వదిలించుకునే సమయం. మొలకెత్తడం తర్వాత, 28–30 డిగ్రీలకు దింపాక జరుగుతుంది.

మొదట్లో గింజల్ని బాగా తడిగానే వేడిలో పెట్టేవారు. నిద్ర వదిలేది గానీ బూజు పట్టేది, కొన్ని కుళ్లేవి, మొలకలు ఎగుడుదిగుడుగా వచ్చేవి. తర్వాత పద్ధతి మారింది. గింజల్ని నానబెట్టి, నీడలో ఆరబెట్టి, తేమ సుమారు 18 శాతం దగ్గర ఆపుతారు. ఆ స్థితిలో సంచుల్లో మూసి వేడి గదిలో పెడతారు. అప్పుడప్పుడు సంచులు తెరిచి గాలి మారుస్తారు. ఆ రోజులు పూర్తయ్యాక మళ్లీ నానబెట్టి తేమను 22 శాతం దాకా తెస్తారు. పైతడి ఆరేదాకా నీడలో పరిచి, మామూలు వెచ్చదనంలో ఉంచుతారు. పది రోజులు తిరిగేసరికి తెల్లటి మొనలు కనబడతాయి, నెలలో చాలామటుకు వచ్చేస్తాయి. దీన్ని పొడి వేడి పద్ధతి అంటారు. పేరుకు పొడి అన్నా గింజ ఎండిపోయి ఉండదు. మొలవడానికి చాలనంత తక్కువ, నిద్ర వదిలించుకోవడానికి సరిపోయేంత తేమ ఉంటుంది. 18కీ 22కీ మధ్య ఉన్న ఆ నాలుగు శాతంలోనే మొత్తం నేర్పు ఉంది.

ఈ నాలుగు శాతం ఎందుకంత ముఖ్యం? నేను అర్థం చేసుకున్నది ఇది. గింజ ఊపిరి పీల్చే జీవి. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని శ్వాస దాదాపు రెట్టింపవుతుంది, అంటే ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. నీళ్లలో కరిగే ఆక్సిజన్ మాత్రం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర 7.5, 40 దగ్గర 6.4 మాత్రమే. గింజ చుట్టూ నీటి పొర ఉంటే అవసరం పెరిగి సరఫరా తగ్గే చోట పిండం ఇరుక్కుంటుంది. అందుకే వేడిగా, తడిగా, గాలి లేకుండా పెట్టిన గింజ కుళ్లుతుంది. చాలామంది దాన్ని ఫంగస్ మీదికి తోసేస్తారు. ఫంగస్ వచ్చేది చాలాసార్లు చచ్చిన గింజ మీదికే.

అదే పరిశోధనల్లో తేలిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పిండాన్ని గింజలోంచి జాగ్రత్తగా తీసి పోషకాల మీద పెడితే, వేడి చూపించకపోయినా పెరిగేస్తుంది. పిండానికి ఎదురుగా ఉన్న మూతను తీసేసినా మొలక తొందరగా వస్తుంది. అంటే పిండం సొంతంగా మొద్దునిద్రలో లేదు, మూతకూ దాని బలానికీ మధ్య కుస్తీ జరుగుతోంది. వారాల వేడి ఆ కుస్తీలో పిండం వైపు మొగ్గు తెస్తుంది. అక్రోకోమియా లాంటి మొండి పామ్‌లకు ఇప్పుడు వేడి బదులు టెంక పగలగొట్టి, కత్తి మొనతో ఆ మూత తీసే పద్ధతి వాడుతున్నారు. చేతికి అలవాటు కావాలి. కత్తి అర మిల్లీమీటరు లోతుకు ఎక్కువ దిగినా పిండం పోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు మూతలతో పాటు పిండాల్ని కూడా నీట్‌గా తీసి పక్కన పెట్టాను. రెండు వారాలు ఎదురుచూశాక గానీ తెలియలేదు.

ఇంత చెప్పాక మీ మూడు రకాల దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఒకే మ్యాట్ మీద ఈ మూడూ పెట్టడమే మీరు చేసిన అసలు పొరపాటు. మూడూ మూడు వేర్వేరు వాతావరణాల పిల్లలు.

ఫాక్స్‌టెయిల్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన కేప్ మెల్విల్ రాతి గుట్టల మధ్య పుట్టిన చెట్టు. దానికి 30 నుంచి 35 డిగ్రీలు నిలకడగా ఉంటే ఇష్టం. మీ మ్యాట్ దానికి ఇంచుమించు సరిపోయింది. కానీ రెండు మూడు నెలలు దానికి మామూలే, కొన్ని గింజలు అంతకన్నా చాలా ఎక్కువ తీసుకుంటాయి. కాబట్టి ఆ ట్రే గురించి టెన్షన్ పడకండి. అది ఇంకా ఆలస్యం కూడా కాలేదు.

బ్యూటియా దక్షిణ అమెరికాది, దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే వైపు ఎండ మండే మైదానాల్లో పెరిగేది. టెంక కొబ్బరికాయకు బొమ్మలా ఉంటుంది, మూడు కళ్లతో సహా. దీని పిండం ఆయిల్‌పామ్ బాపతు మొండిది. 30 డిగ్రీల దగ్గర సంవత్సరం పడుకున్నా ఆశ్చర్యం లేదు. 35 నుంచి 40 మధ్య వేడి దీనికి నిజంగా పనిచేస్తుంది. మీ మూడో సలహాదారు చెప్పింది ఈ ఒక్క ట్రేకు వర్తిస్తుంది. టెంక పగలగొట్టి లోపలి గింజను విడిగా వేస్తే ఇంకా తొందరగా వస్తుంది. పగలగొట్టేటప్పుడు వైస్‌లో మెల్లగా బిగించి, చిటుక్కుమన్న చప్పుడు రాగానే ఆపేయాలి. సుత్తితో కొడితే టెంకతో పాటు గింజ కూడా పోతుంది.

విండ్‌మిల్ పామ్ చైనా కొండల చలికి అలవాటు పడ్డది. దానికి 20 నుంచి 27 డిగ్రీలు చాలు. 30 దగ్గర అది ఇబ్బంది పడుతుంది. దాన్ని మ్యాట్ మీద నుంచి దించేయండి, ఇవాళే. ఇలా చల్లదనం కోరుకునేవి ఇంకా ఉన్నాయి. కొలంబియా ఆండీస్ పర్వతాల్లో 2000 మీటర్ల పైన పెరిగే మైనపు పామ్, అంటే సెరాక్సిలాన్, వాటిలో ఒకటి. న్యూజీలాండ్ నికావు ఇంకోటి, ప్రపంచంలో దక్షిణాన అందరికన్నా చివర పెరిగే పామ్ అది. పామ్ అనగానే వేడి అనుకుని ఇలాంటివాటిని 35లో పెట్టి చంపుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మరి రాత్రి చల్లబడి పగలు వేడెక్కే పద్ధతి మంచిదా అని తర్వాత అడుగుతారని ఇప్పుడే చెబుతున్నాను. ఎత్తైన చోట్ల నుంచి, ఉపోష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన వాటికి పగలు 28–30, రాత్రి 18–20 లాంటి ఊగు బాగానే పనిచేస్తుంది. మ్యాట్‌కు టైమర్ పెట్టి 12 గంటలు ఆపితే చాలు. వానాడవి నేల మీద పుట్టిన వాటికి నా అనుభవంలో నిలకడే మేలు. ఏదైనా సరే, ఉష్ణమండల పామ్‌లకు రాత్రిపూట ఉష్ణోగ్రత 20 కన్నా కిందికి జారితే పని ఆగిపోతుంది. పగలంతా వేడి చూపించి రాత్రి చల్లబరిస్తే గింజ రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తూ ఉంటుంది.

ఇప్పుడు నా సొంత గోల ఒకటి. హీట్ మ్యాట్‌ను వేడిని బట్టి నడిపి ఆపే థర్మోస్టాట్‌కు వైరు చివర ప్రోబ్, అంటే వేడిని కొలిచే మొన, ఉంటుంది కదా, దాన్ని మట్టిలో గుచ్చాలి. ఒకసారి నీళ్లు పోసేటప్పుడు ఆ వైరు చేతికి తగిలి ప్రోబ్ ట్రేలోంచి జారి బల్ల పక్కన వేలాడింది. గమనించలేదు. గదిలో గాలి 24 డిగ్రీలు. థర్మోస్టాట్‌కు నేను చెప్పింది 34. పాపం అది గాలిని 34కు తేవాలని మ్యాట్‌ను రాత్రీ పగలూ ఆపకుండా నడిపింది. మూడో రోజు ట్రే మూత తీస్తే ఉడికిన శనగల వాసన వచ్చింది. వంటగది థర్మామీటరు గుచ్చి చూస్తే మట్టి అడుగున 47. రెండేళ్లు ఎదురుచూసి సంపాదించిన బాటిల్ పామ్ గింజలవి. అన్నీ పోయాయి. అప్పటి నుంచి ప్రోబ్‌ను రబ్బరు బ్యాండుతో ట్రేకు కట్టేస్తున్నాను. థర్మోస్టాట్ అంకెను నమ్మకుండా, విడిగా ఒక థర్మామీటరును గింజ ఉన్న లోతులోనే గుచ్చి చూస్తున్నాను. మ్యాట్‌కు ఆనుకున్న అడుగుకూ, పైనున్న గింజకూ నాలుగైదు డిగ్రీల తేడా మామూలుగా ఉంటుంది. మీరు సెట్ చేసిన 30లో గింజకు అందింది 26 అయినా కావచ్చు. ముందు అది చూడండి.

ట్రేకన్నా జిప్ కవర్ నాకు ఎక్కువ నచ్చుతుంది. వర్మిక్యులైట్ (తేమ పట్టుకునే తేలికైన ఖనిజపు పలుకులు) గానీ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ తడిపి, పిడికిట్లో గట్టిగా పిండాలి. చుక్క కారకూడదు, వేళ్లకు చెమ్మ తగలాలి. అందులో గింజలు కలిపి, కవర్లో సగం గాలి ఉండేలా మూసి వేడి పెట్టెలో పెడితే చోటు తక్కువ, వేడి సమానం. వారానికోసారి తెరిచి వాసన చూడండి. మట్టి వాసన వస్తే క్షేమం, పులిసిన వాసన వస్తే తడి ఎక్కువైంది. మొలక కనబడగానే కుండీలోకి మార్చాలి. ఫాక్స్‌టెయిల్ మొలక గింజ పక్కనే లేస్తుంది. విండ్‌మిల్ మొలక కాస్త దూరం వెళ్లి లేస్తుంది. తాటి టెంక తేగలాగా లోతుకు దిగేవీ ఉన్నాయి, వాటికి పొడుగు కుండీ లేకపోతే అడుగున తగిలి వంకర పోతుంది.

జిబ్బరెల్లిక్ ఆసిడ్ అనే మొక్కల హార్మోను గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. కొన్నింటికి తొందర పెడుతుంది గానీ మొలక సన్నగా, పొడుగ్గా సాగి నిలబడలేక వాలిపోతుంది. ఇంటి పెంపకానికి నేను వాడను.

సరే, మీ ట్రేల దగ్గర ఇప్పుడు చేయాల్సింది. ప్రతి ట్రే నుంచి ఒకటి రెండు గింజలు తీసి అడ్డంగా కోయండి. లోపలి కండ తెల్లగా, గట్టిగా ఉండి, పిండం పాలరంగులో బిగువుగా ఉంటే గింజ బతికే ఉంది. పిండం గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే, లేదా దాని చోట ఖాళీ గుంట ఉంటే ఇక ఏ వేడీ దాన్ని లేపదు. నిజానికి ఇది మొదటి రోజే చేయాల్సిన పని. పాత గింజ అమ్మినవాళ్లను నిలదీయడానికి కూడా అదే సరైన సమయం. నాకోసారి సంచెడు అరెకా గింజలు వచ్చాయి. ఊపితే గలగలలాడాయి, అంటే లోపలి కండ ఎండి టెంక నుంచి విడిపోయిందన్నమాట. కోసి చూస్తే పదింటిలో పదీ ఖాళీ. నేను వాటికి నెల రోజులు వేడి పెట్టాక కోసి చూశాను, అదీ నా తెలివి.

గింజలు బతికే ఉంటే, ఫాక్స్‌టెయిల్ ట్రేను అక్కడే ఉంచి గింజ లోతులో 32 ఉండేలా చూడండి. కదిలించకండి. విండ్‌మిల్‌ను దించి ఇంట్లో 22–25 ఉండే మూల పెట్టండి. బ్యూటియా గింజల్ని కడిగి నీడలో ఒక పూట ఆరనిచ్చి, టెంక మీది తడి మెరుపు పోగానే, కేవలం చెమ్మ తగిలిన వర్మిక్యులైట్‌తో కవర్లో కట్టి 38 దగ్గర ఆరు వారాలు ఉంచండి. ఆదివారం ఆదివారం కవరు తెరిచి గాలి మార్చండి. తర్వాత ఒకటి రెండు రోజులు నానబెట్టి 30కి దించండి. నాలుగు వారాలు చూసి, ఏమీ రాకపోతే టెంకలు పగలగొట్టే పని మొదలుపెట్టండి. అప్పుడు వచ్చి అడిగితే మూత ఎక్కడుంటుందో, కత్తి ఎలా పట్టుకోవాలో చెబుతాను.